మన తాళం

మా వదినను బయటికి తీసినప్పుడు ఆమె అరచేతులు తలుపు కొట్టీ కొట్టీ కమిలిపోయి ఉన్నాయి. మిల్లు రంగుల షెడ్డులో ఆవిరి గొట్టం పగిలింది. ఉన్నది ఒకటే తలుపు. గుడ్డముక్క బయటికి పోకూడదని యజమాని దానికి బయట తాళం వేయించాడు. తాళంచెవి వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఆ తలుపుకు తాళం కొత్త కాదు. పరాయి దొర ఉన్నప్పుడూ వేయించేవాడు. దాన్ని గునపంతో పగలగొట్టింది మాలో ఒకడే, తొట్ల దగ్గర గుడ్డలు తిప్పేవాడు. "మన దేశంలో మనకు తాళమేంటి?" అన్నాడు, జైలుకు పోయాడు. గునపమన్న అని మేమే పేరు పెట్టుకున్నాం, మేమే భుజాల మీద మోశాం. దొర పోయాడు. గునపమన్న దేశభక్తుల పార్టీకి పెద్దయ్యాడు, మంత్రయ్యాడు. మిల్లు ఆ పార్టీ మనిషి చేతికొచ్చింది, ఏడాది తిరక్కుండా తాళమూ వచ్చింది. గునపమన్నకు తెలియదులే అనుకున్నాం. అంత వెర్రివాళ్ళం.

వదిన పోయాక, తాళం తీసేదాకా లోపలికి పోమని గేటు ముందు కూర్చుంటే గునపమన్నే వచ్చాడు. మాకు ప్రాణం లేచొచ్చింది. జీపెక్కి మైకు పట్టుకున్నాడు.

"అప్పుడది పరాయివాడి తాళం. ఇప్పుడిది మన తాళం. దీన్ని ముట్టుకున్నవాడు దేశద్రోహి!"

మా అన్న లేచాడు.

"మన తాళమే కదన్నా? మరి తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"బాధలో ఏదో మాట్లాడుతున్నావు తమ్ముడూ. ఇంటికి పో."

"ఇంట్లో ఎవరున్నారన్నా పోవడానికి?"

గునపమన్న పోలీసులకు కళ్ళతో సైగ చేశాడు. నేను చూశాను. మేం మోసిన మనిషే చేశాడు. అన్నను జుట్టు పట్టుకుని వ్యానులోకి ఈడ్చారు, వెనకే జీపూ వెళ్ళిపోయింది.

"గునపం తెండి, పగలగొడదాం!" అన్నారు కుర్రాళ్ళు.

రంగు కలిపే ముసలమ్మ అడ్డుపడింది. "ఒకసారి పగలగొట్టాంగా? ఏమైంది? ఒక్కడి చేతికి గునపమిచ్చాం, వాడు మంత్రయ్యాడు, మనకు కొత్త తాళమొచ్చింది. తాళం జోలికి పోకండ్రా. తలుపు పీకండి. అందరూ చెయ్యెయ్యండి!"

షెడ్డు దగ్గరికి పోయి అందరం చెయ్యేశాం. బందులు ఊడిపోయాయి. తాళంతో సహా తలుపును నెత్తికెత్తుకుని స్టేషనుకు నడిచాం. లాఠీలు ముందు దాని మీదే పడ్డాయి. తర్వాత మా మీదా పడ్డాయి. తలుపు మాత్రం దించలేదు.

లోపలినుంచి అన్న కేకేశాడు. "ఎవర్రా అది?"

నెత్తురోడుతున్న నుదురు తుడుచుకుని ముసలమ్మ అరిచింది. "మేమేరా! ఇక షెడ్డుకు తలుపు లేదు. నిన్ను వదిలేదాకా మిల్లుకు మేమూ లేం!"