తడి గోనెల పోగు

కర్నూలులో మార్చి ముగియకముందే ఎండ ముదిరింది. కాలేజీ ప్రయోగశాలలో శివజ్యోతి మాత్రం కిటికీలన్నీ బిగించి, ఏసీ వేసుకుని, మూడు రోజులుగా ఒక సూదితో పోట్లాడుతోంది.

ఆ సూదిలోంచి పసుపు సారం కలిపిన జిగురు ద్రావణాన్ని కరెంటు లాగితే, వెంట్రుకలో వందో వంతు సన్నని పోగై ఎదుటి రేకు మీద పేరుకోవాలి. అలా అల్లుకున్న పొర గాయానికి కట్టవుతుంది. అది చీము పట్టించే క్రిములను ఆపుతుందో లేదో కడప ల్యాబువాళ్లు తేల్చాలి. వాళ్లకు తీరికున్నది రేపొక్కరోజే. ఇవాళ సాయంత్రం బస్సుకు అరచేతంత పొర వెళ్లకపోతే మళ్లీ ఆగస్టే. ఆమె ఫెలోషిప్పు జూన్‌తో సరి.

సూది కొసన ద్రావణం ఎండి గడ్డకడుతోంది. తుడిస్తే కాసేపు పోగు వస్తుంది, తెగుతుంది.

"మళ్లా తెగెనా అమ్మా?" అటెండరు నరసన్న టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. కోసిగిలో మగ్గం వదిలి ఇరవై ఏళ్ల కిందట ఈ ఉద్యోగంలో చేరిన మనిషి.

"మిషను పుస్తకంలో ఉన్నట్టే చేస్తాండా నరసన్నా. తేమ రానీయొద్దన్నారు. రానీయలేదు."

"ఆ పుస్తకం రాసినాయప్ప యాడుంటాడు?"

అట్ట తిప్పి చూసింది. "ముంబై."

"సముద్రం పక్కన కూసోని రాసినాడు. ఆయప్పకు తేమ శానా. మనకు యాడిది? మగ్గం గుంటలో ఎందుకు పెడతారనుకున్నావు, కాళ్లు చల్లగుంటాయనా? చెమ్మ ఉంటే పోగు తెగదు. ఎండకాలం మా నాయన కిటికీలకు తడి గోనెలు కట్టేవాడు."

శివజ్యోతి గదిలో ఉన్న కాస్త తేమనూ లాగేస్తున్న ఏసీ ఆపి, కిటికీలు తెరిచింది. బకెట్టుతో నేల తడపబోయిన నరసన్నను మాత్రం చెయ్యి పట్టి లాగింది. "ఇరవై వేల వోల్టులు నరసన్నా. కింద చుక్క పడకూడదు. కిటికీలకే కట్టు."

హాస్టల్ మెస్సు నుంచి బియ్యం గోనెలొచ్చాయి. పావుగంటకు గదంతా తొలకరి వాసన. సూది కొసన పోగు బయలుదేరింది, ఆగలేదు. నాలుగింటికి రేకు మీద మీగడలా లేతపసుపు పొర నిలిచింది.

నరసన్న గోనె పురికి తెగిన వేలు చాపాడు. "నాకింత పెట్టకూడదా?"

"ఎలుక్కే ఇంకా పెట్టలేదప్పా."

"ఎలుకల కన్నా నేను సీనియరు ఈడ."

నవ్వుతూ మామూలు పట్టీ వేసింది.

మూడో రోజు కడప నుంచి ఫోను. పొర చుట్టూ రూపాయి బిళ్లంత మేర ఒక్క క్రిమీ మొలవలేదు. శివజ్యోతి మిషను పుస్తకం తెరిచి, తేమ గురించిన వాక్యం పక్కన పెన్నుతో రాసింది: 'కర్నూలుకు చెల్లదు. చెప్పినవారు నరసన్న.'

"మెస్సోళ్లు గోనెలడుగుతాండారమ్మా," అన్నాడతను తలుపు దగ్గర.

"ఏం చెప్పినావు?"

"అవి మిషను సామాన్లు, ఇచ్చేది లేదని చెప్పినా."