కెర్నెల్ చంపిన ప్రోగ్రాం

కంప్యూటర్లో మెమరీ అయిపోతే, దాన్ని నడిపించే లినక్స్ మొహమాటపడదు. దాని గుండెకాయ లాంటి కెర్నెల్, నడుస్తున్న ప్రోగ్రాముల్లో బాగా లావెక్కినదాన్ని చూసి చంపేస్తుంది, మిగతావి బతుకుతాయి. తప్పెవరిదని అడగదు. ఈ సంగతి ఆ ఆఫీసులో సాయిశంకర్ ఒక్కడికే తెలుసు. తెలిసి చేశాడు కాబట్టే వాణ్ణి వెనకేసుకురావడం నా వల్ల కాదు.

2006 ఎండాకాలం. విశాఖ పోర్టు పక్కన బొగ్గు యార్డు నడిపే చిన్న కంపెనీ. ఉన్న ఒక్క కంప్యూటర్లో రెండు ప్రోగ్రాములు. లారీల బరువు చూసే కాటా ప్రోగ్రాం గురునాథరావుది. మేనేజరు మోహనకృష్ణకి రిపోర్టులిచ్చేది సాయిశంకర్‌ది. తన దాన్ని మాత్రం ఏం జరిగినా ముట్టుకోవద్దని సాయిశంకర్ కెర్నెల్‌కి ముందే చెప్పిపెట్టుకున్నాడు. ఆ ప్రోగ్రామేమో మెమరీ తీసుకోవడమే గాని తిరిగివ్వడం ఎరగదు.

సోమవారం పదకొండింటికి మెమరీ నిండుకుంది. కాటా ప్రోగ్రాం చచ్చింది. నలభై లారీలు రోడ్డు మీద నిలిచిపోయాయి. జరిగిందంతా కంప్యూటర్ రాసిపెట్టుకునే లాగ్‌ని సాయిశంకర్ తెరిచి చూశాడు. మింగిందేదో, చచ్చిందేదో రెండూ అందులో ఉన్నాయి.

“ఎవరిది పడిపోయింది?” అన్నాడు మోహనకృష్ణ.

“గురునాథరావు గారిదండీ.”

అబద్ధం కాదు. అందుకే అంత సులువుగా నోట్లోంచి వచ్చేసింది. మర్నాడే గురునాథరావుని కుర్చీలోంచి లేపి, లారీలకి టార్పాలిన్లు కప్పించే పనికి యార్డులోకి పంపేశారు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆయనే సాయిశంకర్‌ని వెతుక్కుంటూ వచ్చాడు. పద్మనాభం నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి, నలభై ఐదేళ్లు దాటాక కంప్యూటర్ నేర్చుకున్నవాడు. కనుబొమల నిండా బొగ్గుపొడి, చేతిలో తన ప్రోగ్రాం దిద్దుకున్న కాగితాలు.

“నా వల్ల నీకూ ఇబ్బందైపోనాది బాబూ. నాదాన్ని తగ్గించీసాను. లారీల ఖాళీ బరువులన్నీ గుర్తెట్టుకునేది కదా, ఆ ముక్క తీసీసాను. ఇంక లావవదు. డ్రైవర్లే, పాపం, ఖాళీగా ఓపాలి, బొగ్గుతో ఓపాలి, రెండుసార్లు కాటా ఎక్కాల.”

ఆ ముక్క కోసం ఆయన ఎనిమిది నెలలు కష్టపడ్డాడు. సాయిశంకర్ కుర్చీలోంచి లేచాడు.

“బాబాయ్, మీదాంట్లో తప్పు లేదు. మెమరీ మింగింది నాది. నాకు ఆ రోజే తెలుసు.”

నాలుగు తిట్టినా బాగుండుననుకున్నాడు. గురునాథరావు తిట్టలేదు, మొహం వెలిగిపోయింది.

“తప్పు నేదా? మా ఇంటిది సన్యాసమ్మ రోజూ అడుగుతంది, ఏటి పాడుసేసావని. ఆ మాటే మేనేజరు గారికి సెప్పీ బాబూ. నాను ఇక్కడే ఉంటాను.”

సాయిశంకర్ లోపలికి వెళ్లి అంతా చెప్పేశాడు. మోహనకృష్ణ ఫైల్లోంచి తలెత్తలేదు.

“నీది సరిచేసుకో. ఆయన్ని యార్డులోనే ఉండనీ. వెనక్కి పిలిస్తే, ఎందుకు పంపావని హెడ్డాఫీసు నన్నడుగుతుంది. నువ్వు లేకపోతే ఇక్కడ పని నడవదు. ఆయన లేకపోయినా నడుస్తుంది.”

హమ్మయ్య అనుకున్నాడు సాయిశంకర్. ముందు వచ్చింది అదే, సిగ్గు తర్వాత వచ్చింది. గాజు తలుపు అవతల గురునాథరావు చొక్కాకంటిన బొగ్గు దులుపుకుని, తన కుర్చీలో కూర్చోడానికి సిద్ధంగా నిలబడి ఉన్నాడు.