ఇంటికో కర్ర

నాగులమ్మను వాళ్లు వాగు గట్టు మీద కొట్టారు. పట్టపగలు. రొయ్యల గుంటల కాపలా మనుషులు ఆమె వలను కత్తితో కోసి, నడుం మీద తన్ని, "ఏట్లో మందు కలపతారా మీరు?" అని అడిగారు. ఆమె జవాబు చెప్పకముందే మళ్లీ తన్నారు. ఇవతలి గట్టున మొగకుప్పం జాలరులు నిలబడి చూశారు. నేనూ చూశాను. చేపలు చచ్చి తేలుతున్నాయని ఫోను వస్తే పేపరు పని మీద వచ్చాను.

చేపలు నిజంగానే చచ్చాయి. వాగు సముద్రంలో కలిసే చోటు నుంచి పైదాకా నీళ్ల మీద తేలుతున్నాయి. వాగుకు ఈ పక్క మొగకుప్పం, పడవలున్న జాలరుల ఊరు. ఆ పక్క దిబ్బ. అక్కడ యానాదులుంటారు, నాగులమ్మ అక్కడిదే. వాళ్లకు పడవల్లేవు. మోకాటి లోతులో నిలబడి చేత్తోనో, చిన్న వలతోనో పట్టుకుంటారు. దిబ్బ వెనక నరేంద్రబాబు రొయ్యల గుంటలు. ఆ ఉదయం గుంటల మురుగునీటి గొట్టం వాగులోకి పారుతూ ఉంది. నీళ్లు మందు వాసన కొట్టాయి.

మధ్యాహ్నానికి మొగకుప్పంలో గొట్టం మాట ఎవరూ ఎత్తలేదు. యానాదులు మందు కలిపారన్న మాటే నడిచింది. ఆ మాట తెచ్చినవాడు నరేంద్రబాబు మేనేజరు మధుబాబు. ఊరిపెద్ద ఓబయ్య టముకు వేయించాడు.

మొగకుప్పంలో ఒక పద్ధతి ఉంది. ఊరు ఎక్కడికైనా కదలాలంటే ఇంటికొకరు కదలాలి. టముకు మోగాక ప్రతి ఇల్లూ ఒక సరుగుడు కర్ర తెచ్చి వలల షెడ్డు గోడకు ఆనిస్తుంది. కర్ర తెచ్చినవాడు ఆ ఇంటి తరఫున పోతాడు. కర్ర పెట్టని ఇంటి పడవను ఎవరూ నీళ్లలోకి తొయ్యరు. ఆ ఇంటి పీనుగను ఎవరూ మొయ్యరు. తుఫాను వస్తుందంటే పడవలన్నీ మిట్టకు చేర్చింది ఈ పద్ధతే. సునామీ మరుసటి ఏడు ఊరు దిబ్బ మీదికి పోయిందీ ఈ పద్ధతిలోనే.

అప్పుడు పుట్టిన మాట, యానాదులు వలలు దొంగిలించారని. ఆరుగురు చనిపోయారు. అందులో నలుగురు ఒకే గుడిసెలో కాలిపోయారు. తడికె తలుపుకు బయట నుంచి తాడు కట్టి ఉంది. లోపల ఉన్నవాళ్లలో నాగులమ్మ కూతురు ఒకతి. బతికినవాళ్లు పారిపోయారు. కొందరు తిరిగొచ్చేసరికి వాళ్ల నేలలో నరేంద్రబాబు గుంటలు తవ్వి ఉన్నాయి. నిప్పు ఎవరు పెట్టారని పోలీసులు అడిగితే మొగకుప్పంలో ప్రతి ఒక్కరూ "ఊరు పోయింది సార్" అన్నారు. ప్రతి ఇంటి కర్రా అక్కడికి పోయింది కాబట్టి ఏ ఇల్లూ ఇంకో ఇంటి మీద సాక్ష్యం చెప్పలేదు. కేసు కొట్టేశారు.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా కాలేజీ పిల్లలు, యూనియన్ వాళ్లు ఒకటే అడుగుతారు: అంత పగ ఎక్కడిది? పగ ఉంటే నాకు చెప్పడం తేలికయ్యేది. ముందు రోజు దాకా మొగకుప్పం దిబ్బలో పీతలు కొనుక్కుంది. దిబ్బ మంత్రసాని చేతుల్లో పుట్టినవాళ్లు ఆ గుంపులో ఉన్నారు. అబద్ధం పుట్టించినవాడికి నేల కావాలి. విన్నవాళ్లకు గోడ దగ్గర పక్కింటి కర్ర కనిపించింది. వేరే రాష్ట్రాల్లో, వేరే దేశాల్లో జరిగిన ఊచకోతల గురించి చదివాను. చంపినవాళ్లు కోర్టుల్లో ఏం చెప్పారో కూడా చదివాను. అందరితో పాటు పోయామన్నారు.

షెడ్డు దగ్గరికి మధుబాబు ట్రాలీ ఆటో వచ్చింది. అందులో బ్రాందీ కేసులు, పెట్రోలు డబ్బాలు. గోడకు కర్రలు చేరుతున్నాయి. సుబ్బు తన ఇంటి కర్ర తెచ్చి పెట్టాడు. అతనికి పోయిన నెలే పెళ్లయింది. వెనకనే తండ్రి ముత్యాలయ్య వచ్చాడు. కొడుకు కర్ర తీసి ఇసకలో పడేసి దాని మీద కూర్చున్నాడు.

"ముత్యాలన్నా, మీ ఇంటి కర్ర యాడ?" అన్నాడు ఓబయ్య.

"నా కింద ఉండాది."

"గోడకు పెట్టు."

"పెట్టను."

"లెయ్ నాయనా. అందరూ చూస్తా ఉండారు" అన్నాడు సుబ్బు.

"చూడనీరా. అప్పుడూ చూసినారు."

"ముసిలాయనకు మందెక్కినట్టుండాది" అని ఎవరో అన్నారు.

"ఆటోలో మందు ఇంకా దించనే లేదు గదరా, నీకు వాసనకే ఎక్కిందా?" అంది రోజారమణి. ఆమె కోట సంతలో చేపలమ్ముతుంది. ఆడవాళ్లు నవ్వారు.

ముత్యాలయ్య నవ్వలేదు. "ఓబయ్యా, ఆ తడికెకు తాడు కట్టింది ఎవురు?"

"పాతయి ఇప్పుడు తవ్వొద్దన్నా."

"నేను. వల ముడి ఏసినా. అది లాగేకొద్దీ బిగస్తాది. లోపల్నించి లాగతా ఉండారు. ముడి మీద నా చెయ్యి ఉండాది. తెలస్తానే ఉండాది నాకు."

ముత్యాలయ్య కొడుకు వైపు చెయ్యి చూపించాడు.

"ఇంటికొచ్చి కూడు తిన్నా. వీళ్లమ్మ ఏమీ అడగలా. ఊరు పోయింది గదా అనుకునింది. నేనూ ఇన్నేళ్లూ అదే అనుకున్నా. ఇయ్యాల వీడి కర్ర ఆ గోడకు చూసినాక అట్టా అనుకునేదానికి చాతగాలా. వీణ్ణి పంపను. పడవ తొయ్యొద్దు, నా పీనుగ మొయ్యొద్దు, మీ ఇష్టం."

"నోరు ముయ్యన్నా" అన్నాడు ఓబయ్య. "కేసు లేస్తే అందరం పోతాం. నాకు మటుకు నిద్ర పడతా ఉండాదా? ఏట్లో చేప లేకపోతే పిల్లోళ్లకు ఏం పెట్టేది?"

"చేపను సంపింది ఎవురు ఓబయ్య మామా?" అంది రోజారమణి. "దిబ్బోళ్లకు ఆ వాగు తప్ప ఇంకేముంది? తినే కుండలో ఎవురన్నా మందు పోసుకుంటారా? అంత లావు గొట్టం పారతా ఉంటే కండ్లు యాడ పెట్టుకున్నారు మీరంతా?"

"అక్కా, ఆడోళ్లకు ఈ యవ్వారం దేనికి?" అన్నాడు మధుబాబు. "సార్ మీ ఊరి మంచికే చెప్పినాడు."

"మీ సారు చేసిన మంచి అప్పుడే చూసినాం. దిబ్బ కాల్చింది మేము. గుంటలు లేచింది ఆయనకు. మాకు మిగిలింది ఈ చచ్చిన చేప."

హజరత్తయ్య అనే ముసలి జాలరి లేచి గోడ దగ్గర పెట్టిన తన కర్ర వెనక్కి తీసుకున్నాడు. "పెట్రోలు పోసింది నేను. డబ్బా నా చేతికి ఇచ్చింది నరేంద్రబాబే" అన్నాడు. మధుబాబు ఏమీ దించకుండానే ఆటో తిప్పుకున్నాడు.

తర్వాత గొడవయింది. జైలుకు పోతే సంసారాలు ఎవరు చూస్తారని అరిచారు. ముత్యాలయ్యను ఒకడు చొక్కా పట్టుకున్నాడు. సుబ్బు వాణ్ణి తోసేసి గట్టిగా అన్నాడు: "పోవాల్సిందే అయితే ఇంటికొకరు స్టేషనుకు పోదాం. ఎవురేం చేసినారో, ఎవురు చేయించినారో చెప్దాం."

అందరూ రాలేదు. కొన్ని కర్రలు గోడకే ఉండిపోయాయి. ఓబయ్య రాలేదు. ఆయన భార్య ఆదిశేషమ్మ వచ్చింది.

మర్నాడు స్టేషనులో ఎస్సై విసుక్కున్నాడు. "కొట్టేసిన కేసు. ఇళ్లకు పోండి."

"ఆ కేసులో నా పేరు లేదు సార్" అన్నాడు ముత్యాలయ్య. "ఇప్పుడు రాసుకోండి."

ఎస్సైకి ఫోను వచ్చింది. పక్క గదిలోకి పోయి మాట్లాడాడు. తిరిగొచ్చి ముత్యాలయ్యనూ హజరత్తయ్యనూ అరెస్టు చేశామన్నాడు. డబ్బా ఇచ్చినవాడి పేరు రాయలేదు. రాసేదాకా కదలమని మిగిలినవాళ్లు రోడ్డు మీద కూర్చున్నారు.

నాగులమ్మ వచ్చింది. నడుం పట్టుకుని వంగి నడుస్తోంది. వ్యాను ఎక్కబోతున్న ముత్యాలయ్య ముందు నిలబడింది.

"నా బిడ్డ అరిసిందా?"

"అరిసింది."

"ఏమని?"

"అమ్మా అని."

"నిన్ను ఇడిసేది లేదు. కోర్టులో ఇదే చెప్పు" అంది.

"చెప్తా తల్లీ."

"తల్లీ అనొద్దు."

వ్యాను పోయింది. గుంటల గొట్టం మాత్రం ఆగలేదు. దిబ్బవాళ్లు దాని మూతి దగ్గర ఇసక బస్తాలు వెయ్యడం మొదలుపెట్టారని తెలిసి రోడ్డు మీద ఉన్నవాళ్లలో సగంమంది వాగుకు నడిచారు. దగ్గరికి పోయి ఆగారు. రమ్మని ఎవరూ పిలవలేదు. సుబ్బు నీళ్లలోకి దిగి ఒక బస్తా భుజానికెత్తుకున్నాడు. నాగులమ్మ అతని మొహంలోకి చూసింది.

"ముత్యాలయ్య కొడుకువా?"

"అవును."

గొట్టం వేగానికి కింది బస్తా కదులుతోంది. ఆమె రెండు చేతులా దాన్ని అదిమి పట్టింది.

"అది ఈడ ఎయ్యి. జారతా ఉండాది."

సుబ్బు వేశాడు. వెనక మొగకుప్పం వాళ్లు ఒక్కొక్కరే దిగారు. కాసేపటికి పోలీసు జీపు గట్టెక్కి ఆగింది. బయటికి రమ్మని మైకులో చెప్పారు. నీళ్లలో నుంచి ఎవరూ రాలేదు. గొట్టం మూసుకునే దాకా బస్తాలు చేతులు మారుతూనే ఉన్నాయి.