రెండున్నర అంగుళాల తేడా

సత్యానందం అమెరికా రాకముందు గుంతకల్లులో పదేళ్లు రైల్వే ఇంజనీరు. మీటర్ గేజ్ వ్యాగన్లలో వచ్చిన బస్తాలను కూలీలు మోసుకెళ్లి బ్రాడ్ గేజ్ వ్యాగన్లలోకి ఎక్కించడం, మధ్యలో వానొస్తే ఎరువు కరిగి నేలపాలవడం అతను కళ్లారా చూశాడు. అందుకే 1981లో, అతను పనిచేసే నెవార్క్‌లోని కన్సల్టెన్సీ కంపెనీ, రేవు బాగుపడాలంటే ఏం కావాలో రిపోర్టు రాయమని అతన్ని తూర్పు ఆఫ్రికాలోని కిలింబాకు పంపినప్పుడు, మిగతావాళ్లు ఓడల వంక చూస్తే అతను పట్టాల వంక చూశాడు.

ఎనిమిది ఓడలు ఒకేసారి ఆగగలిగే రేవు అది. గోదాములకూ లోటు లేదు. కానీ అక్కడి నుంచి లోపలి దేశాలకు పోయే రెండు రైలు మార్గాల్లో పట్టాల మధ్య వెడల్పుకు రెండున్నర అంగుళాల తేడా. ఒకదాని వ్యాగన్ రెండోదాని మీద నడవదు. ఇంజన్లలో సగం షెడ్డులోనే పడున్నాయి. లారీల రోడ్డు తొలి వానకే తెగిపోతుంది.

"దించడం మాకు పెద్ద పని కాదు. దించిన సరుకు ఎటు పోవాలన్నదే బాధ" అన్నాడు కిమారో. అతను ఆ రేవు ఇంజనీరు. అక్కడున్న ఇరవై రోజులూ సత్యానందం వెంటే తిరిగాడు.

తిరిగొచ్చి సత్యానందం అరవై పేజీలు రాశాడు. ముందు ఇంజన్లు, సరుకు మార్చే యార్డు, రోడ్డు; ఆ తర్వాతే క్రేన్లు. మేనేజర్ హార్లన్ క్రేన్ల పేజీలు ఉంచి, మిగతావన్నీ తీసి పక్కన పడేశాడు.

"అప్పిచ్చేవాళ్లు క్రేన్లకే ఇస్తారు. రైళ్లు మన పని కాదు."

"క్రేన్లు ఒక్కటే పెడితే కంటైనర్లు యార్డులో గుట్టలు పడతాయి సర్."

"నీ గ్రీన్ కార్డ్ కాగితాలు మన లాయర్ దగ్గరే ఉన్నాయి కదూ?" అని నవ్వాడు హార్లన్.

ఐసెలిన్‌లోని ఇంట్లో ప్రేమజ్యోతి చర్చిలో చెప్పాల్సిన సండే స్కూల్ పాఠం రాసుకుంటోంది. భర్త చెప్పిందంతా విని, "సైన్ చేయకపోతే?" అంది.

"స్పాన్సర్ చేయరు. ఇండియా వెళ్లిపోవాలి."

"పిల్ల ఇప్పుడే ఫస్ట్ గ్రేడ్‌లో చేరిందండీ." మళ్లీ పాఠంలో తల దూర్చింది.

సత్యానందం సంతకం చేశాడు.

రిపోర్టు తీసుకోవడానికి కిమారో నెవార్క్ వచ్చాడు. హార్లన్ అతన్ని ఊళ్లోని రేవుకు తీసుకెళ్లి, ఓడలోంచి లేచిన పెట్టె అప్పటికప్పుడే రైలెక్కడం చూపించి, "మీకూ ఇంతే" అన్నాడు. కిమారో రిపోర్టు తిరగేసి సత్యానందాన్ని పక్కకు పిలిచాడు.

"పట్టాల సంగతి ఎక్కడ?"

"రెండో వాల్యూమ్‌లో వస్తుంది."

రెండో వాల్యూమ్ అనేదే లేదు. ఆ సాయంత్రం సత్యానందం ఇంట్లో భోంచేస్తూ కిమారో ప్రేమజ్యోతితో, "మీవారి మాట మీదే మా పెద్దలను ఒప్పిస్తున్నానమ్మా" అన్నాడు. సత్యానందం కూర గిన్నె అతని వైపు జరిపాడు.

1985 మే నెలలో కిమారో నుంచి ఉత్తరం వచ్చింది. క్రేన్లు పెట్టారు. ఓడలు చకచకా ఖాళీ అయ్యాయి. కంటైనర్లు యార్డులో ఇరుక్కుపోయాయి. లోపలి దేశాల రైతుల ఎరువు విత్తనాల కాలం దాటేదాకా అక్కడే ఉండిపోయింది. 'సిఫార్సు చేసింది నేనే కాబట్టి నా మీద విచారణ నడుస్తోంది. ఆ రెండో వాల్యూమ్ పంపండి. పట్టాల సంగతి కూడా మనం ముందే చెప్పామని చూపించుకోవాలి.'

"పంపండి. గ్రీన్ కార్డ్ వచ్చేసిందిగా, ఇంకా ఎందుకు భయం?" అంది ప్రేమజ్యోతి.

"పంపితే తెలిసే సైన్ చేశానని ఒప్పుకున్నట్టే. ఇంజనీర్‌గా మళ్లీ ఎవడు నమ్ముతాడు?"

ఆమె రోజూ అడిగింది. తర్వాత అడగడం మానేసింది. అక్టోబర్‌లో ఒక శనివారం అతనే పోస్టాఫీసుకు వెళ్లి, తీసేసిన పేజీల నకలు పంపించాడు.

క్రిస్మస్ ముందు జవాబొచ్చింది. 'కాగితాలు అందాయి. విచారణ ఆగస్టులోనే ముగిసింది. క్వార్టర్స్ ఖాళీ చేసి మా ఊరు వచ్చేశాం. ఇక్కడ బడిలో లెక్కలు చెబుతున్నాను. వాటిలో ఒక్క పేజీ మే నెలలో వచ్చి ఉంటే సరిపోయేది.'

"ఏం రాశారండీ?" అని వంటింట్లోంచి అడిగింది ప్రేమజ్యోతి.

"బాగానే ఉన్నారట" అన్నాడు సత్యానందం.