అద్దానికి రెట్టింపు దూరం

మంగళవారం పొద్దుటి నుంచి నేను ఫోకస్‌లో లేను.

మొదట గమనించింది పాలు పోసే మనిషి. గిన్నెలోకి పాలు వంచబోయి ఆగి, కళ్లు చికిలించి నా వైపు చూసి, "అమ్మగోరు నేరేటి?" అని నన్నే అడుగుతుంది. ఉన్నానంటాను. "అయితే గిన్నె కదపకండి, ఎక్కడుందో తెల్డం నేదు," అంటుంది.

నా అంచులు చెదిరి ఉన్నాయి. జుట్టు ఎక్కడ అయిపోతుందో, గోడ ఎక్కడ మొదలవుతుందో చెప్పలేం. చీర మీది పువ్వులు రంగు మరకల్లా ఉన్నాయి. నొప్పి మాత్రం లేదు. వంట ఎప్పటిలాగే కుదురుతుంది.

నా పేరు వరహాలమ్మ. నా భర్త ఈశ్వర్రావుకి విజయనగరంలో ఫొటో స్టూడియో ఉంది. మా ఇల్లు దాని వెనకే. ఎదురుగా 'ఏమండీ' అంటాను గానీ మనసులో అతన్ని పేరుతోనే పిలుస్తాను. ఇరవై రెండేళ్లు అతను ఫొటోలు తీశాడు, నేను చీకటి గదిలో వాటిని కడిగాను. ఎర్ర బల్బు కింద, ట్రేలో తెల్ల కాగితం మీద ముందు జుట్టు తేలేది, తర్వాత కళ్లు, ఆఖరున నగలు. ఊళ్లో సగం పెళ్లిళ్లు నా వేళ్ల కిందే నలుపెక్కాయి. పందిట్లో లైటు పట్టుకున్నదీ నేనే. పట్టుకున్న మనిషి మీద ఆ లైటు పడదు కాబట్టి ఏ ఆల్బంలోనూ నేను లేను.

సోమవారం ఈశ్వర్రావు చీకటి గదికి కిటికీ పెట్టించాడు. ట్రేలు తీయించి కంప్యూటరు పెట్టాడు. "ఇంక నీకు పనేటీ నేదు, రెస్టు తీసుకో," అన్నాడు. మర్నాటికి ఇలా అయ్యాను.

"సర్దుకుంటాదిలే," అంటాడిప్పుడు, ఇడ్లీ తుంచుకుంటూ, నా వైపు చూడకుండా. చూసినా అతనికి పెద్ద తేడా తెలియదు.

కళ్ల డాక్టరు దగ్గరికి వెళతాను. గోడ మీది అట్టలో అక్షరాలన్నీ చదివేస్తాను, చిట్టచివరి వరుసతో సహా. అప్పుడామె లేచి ఆ అట్ట ఉన్న చోట నన్ను నిలబెడుతుంది. తను వెళ్లి నా కుర్చీలో కూర్చుని, ఒక కన్ను అరచేత్తో మూసుకుని, నన్ను చదవడానికి ప్రయత్నిస్తుంది.

"పై వరుస తెలుస్తోంది. ఆడమనిషి," అంటుంది. "కింది వరుసలన్నీ అలుక్కుపోయాయి."

"దీనికి మందేదైనా ఉందా అండీ?"

"మందు వేసుకోవాల్సింది మీరు కాదు, మిమ్మల్ని చూసేవాళ్లు. వాళ్లు వేసుకోరు." చీటీ మీద ఏదో రాసి కొట్టేస్తుంది. "ఒక పాత కెమెరా కొనుక్కోండి, ఫోకసు చేత్తో తిప్పేది. కొత్తవి వాటంతటవే వెతుక్కుంటాయి. మనిషి దొరక్కపోతే పక్కనున్న కుర్చీని పట్టుకుంటాయి. ఎవరో ఒకరు ఓపిగ్గా చేత్తో తిప్పి మిమ్మల్ని ఒక్కసారి పట్టుకోవాలి. ఆదివారం దాటకూడదు. దాటితే ఆ పై వరుస కూడా పోతుంది."

నా సొంతమని చెప్పుకోదగ్గది ఒక వెండి ముద్ద. ఫిల్ము కడిగిన హైపో నీళ్లలో వెండి కరిగి ఉంటుంది. ఆ నీళ్లడుగున పేరుకున్న మడ్డిని పారబోయకుండా ఏళ్ల తరబడి దాచి, కంసాలి చేత కరిగించాను. ఉసిరికాయంత అయింది. ఎవరి ముఖంలోనూ చోటు దొరకని వెండి అది.

దాన్ని కొంగున ముడేసుకుని బంగార్నాయుడి దగ్గరికి వెళతాను. గంటస్తంభం వెనక సందులో పాత కెమెరాలు బాగుచేసి అమ్ముతాడు, ముసలాయన. అరల నిండా లెన్సులు మూతల్లేకుండా ఉన్నాయి. నేను గడప దాటగానే వాటి లోపలి రేకులన్నీ ఒక్కసారి ముడుచుకుని సన్నబడతాయి.

"భయపడకండమ్మా. కొత్తోలొస్తే అలగే సేస్తాయి," అంటాడు బంగార్నాయుడు. నన్ను చూసి ఆశ్చర్యపోడు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెడతాడు, నా విషయంలో వాటితో పని లేదన్నట్టు.

వెండిని అరచేతిలో ఎగరేసి చూస్తాడు. "దీనికి మేలురకం రాదు తల్లీ. నాసిరకంలో మేలుది వస్తాది. ఎతుకుదాం."

ఒక పొట్టి లెన్సు తీస్తాడు. "ఇది వెడల్పుది. గదంతా వస్తాది. మనిషిని మాత్రం మూలకి తోసీస్తాది."

"నేను మూలనే ఉన్నానండీ."

"అయితే ఇది దండగ." పొడుగు లెన్సు తీస్తాడు. "ఇది దూరపుది. మొహాన్ని సక్కగా తీస్తాది, ఎనకున్నదాన్నంతా మసక సేసీస్తాది. కానీ తీసీ మనిషి ఇరవై అడుగుల అవతల నిలబడాల. మీ ఇంట్లో మీకూ మీ ఆయనకీ మధ్య అంత జాగా ఉందేటి?"

"ఉంది," అంటాను.

నా ముఖం ఉండాల్సిన వైపు కాసేపు చూసి, ఆ లెన్సును మళ్లీ అరలో పెట్టేస్తాడు. "ఉన్న దూరం సాల్దేటి? వద్దు."

మూడోది చిన్నది, బరువైనది. యాభై మిల్లీమీటర్లది. "ఇది మనిషి సూసినట్టే సూస్తాది. అందుకే సవక. అందరి కాడా ఉంటాది, ఎవులూ అడగరు."

వెలుగుకెత్తి చూడమంటాడు. అద్దం మీద ఒక గీత ఉంది. గీతలకి భయపడొద్దని, అవి ఫొటోలోకి రావని, చూసుకోవాల్సింది బూజని చెబుతాడు. అంచున బూజు ఉంది, తెల్లటి సన్నటి వేళ్లతో. ఇంకాస్త దగ్గరగా చూస్తే ఆ వేళ్ల మధ్య చిన్న మడి, అందులో వంగి నాట్లు వేస్తున్న మనుషులు.

"నడిమధ్యకి రానేదు కదా, పర్లేదు. రొండ్రోజులు ఎండలో పెడితే ఆలే ఎల్లిపోతారు," అంటాడు.

ఆ లెన్సుకి సరిపోయే కెమెరా ఇచ్చి, షట్టరును ఒక సెకనుకి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని నొక్కమంటాడు. నొక్కుతాను. లోపల ఎవరో గాలి పీల్చుకుని, ఆలోచించి, వదులుతారు.

"సెకను కంటే ఎక్కువసేపు పట్టింది."

"ముసిల్ది కదమ్మా. దాని సెకను అంతుంటాది." వెలుగు కొలిచే ముల్లు చచ్చిపోయిందని, ఎండ చూసి అంచనా కట్టుకోవాలని చెప్పి, గడువు దాటిన రీలొకటి ఊరికే ఇస్తాడు. "ఇందులో ఒక్క ఫొటోకే మెలకువుంది. మిగతాయన్నీ నిద్దరోతన్నాయి. సూసి వాడండి."

లెన్సును రెండు రోజులు మేడ మీద ఎండలో పెడతాను. రెండో రోజు సాయంత్రం మడి ఖాళీగా ఉంది. బూజు అంచు దగ్గరే ఆగింది.

ఆదివారం పొద్దున ఈశ్వర్రావు గడ్డం గీసుకుని వచ్చాక కెమెరా చేతికిస్తాను. "ఏమండీ, ఒక్కసారి దీన్ని తిప్పి నన్ను పట్టుకోండి. ఇవాళే పట్టుకోవాలట."

"రీలు కెమెరాయేటి? ఇదెక్కడ దొరికిందే నీకు?" నవ్వుతాడు. అయినా అతని చేతులకి అలవాటు పోలేదు. ఎడమ అరచేయి లెన్సు కిందికి దానంతటదే వెళుతుంది. నేను గోడకి కాస్త ముందుగా నిలబడతాను. నా వెనక గోడకి గ్యాసు ఏజెన్సీ వాళ్లిచ్చిన క్యాలెండరు ఉంది.

రింగు తిప్పుతాడు. ఇటు తిప్పితే మా మధ్య గాలిలో తేలే దుమ్ము స్పష్టమవుతోందంటాడు. అటు తిప్పితే క్యాలెండరు స్పష్టమవుతోందంటాడు. ఆ రెండింటి మధ్యా నేను ఉండాలి.

"కదలకే."

"కదలడం లేదండీ."

"మరి ఎక్కడా ఆగవేటి? తిప్పుతుంటే వస్తన్నట్టే ఉంటావు, దాటిపోతావు."

"కళ్ల మీద పట్టండి. పెళ్లికూతుళ్లని అలాగే పట్టేవారు కదా."

"అదే సూస్తన్నాను." కెమెరా దించకుండా కాసేపు తిప్పి, "ఇంతకీ నీ కళ్లు నలుపా, గోధుమ రంగా?" అని అడుగుతాడు.

నాకూ తెలియదు. ఎర్ర బల్బు కింద అన్ని కళ్లూ నలుపే.

ముసలి కెమెరా గాలి పీల్చుకుని వదులుతుంది. "వచ్చీసింది," అంటాడు.

"నేనా?"

"క్యాలెండరు. తేదీలు కూడా సదవొచ్చు." కెమెరా నా చేతిలో పెడతాడు. పాస్‌పోర్టు ఫొటోకి ఎవరో వచ్చారని స్టూడియోలోకి వెళుతూ, "ఆ లెన్సు పాడైపోయింది, పారీ," అంటాడు.

అతను దేశంలో ఉన్న ముఖాలన్నిటినీ పట్టుకున్నాడు. ఏడుస్తున్న పసిపిల్లల్ని, నిద్రకి తూలే పెళ్లికొడుకుల్ని, ఒకసారి పరుగెత్తే గుర్రాన్ని కూడా. నాకు కోపం వస్తుంది. కోపానికి కూడా అంచులు లేవు. గది కాస్త వేడెక్కుతుంది, అంతే.

నేనూ స్టూడియోలోకి వెళతాను. వచ్చినవాళ్లు తల దువ్వుకోవడానికి అక్కడొక నిలువుటద్దం ఉంది. మెలకువున్న ఆ ఒక్క ఫొటో అయిపోయింది గానీ చూడడానికి రీలు అక్కర్లేదు.

అద్దానికి అయిదడుగుల్లో నిలబడితే రింగును పదడుగులకి తిప్పాలి. అద్దంలోని మనిషి అద్దం మీద ఉండదు, దాని వెనక అంతే దూరంలో ఉంటుంది. ఈ సంగతి నాకు ఈశ్వర్రావు చెప్పలేదు. అద్దం ముందు నిలబెట్టి అతను తీసిన పెళ్లికూతుళ్ల ఫొటోలు కడుగుతూ నేనే తెలుసుకున్నాను. అద్దం చట్రం మీది నగిషీ పదునుగా ఉండేది, అమ్మాయి చెదిరిపోయేది. తప్పు ఎక్కడుందో అతనికి ఒకసారి చెప్పాను. "ట్రేల సంగతి సూసుకో," అన్నాడు.

పదడుగులకి తిప్పుతాను. నేను లేను. నాలుగడుగులు వెనక్కి వేసి మళ్లీ తిప్పుతాను. లేను. వెనక్కి నడుస్తున్నకొద్దీ స్టూడియో పొడుగవుతుంది. గచ్చు నా కాళ్ల కింద కొత్తగా పుడుతుంది, ఇంకా తడిగా ఉంది. అద్దం తపాలా బిళ్లంత అవుతుంది. దాని పక్కన ఈశ్వర్రావు చీమంత మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి గడ్డం పైకెత్తమంటున్నాడు.

రింగు మీది అంకెలు అయిపోతాయి. అంకెల చివర పడుకున్న ఎనిమిది లాంటి గుర్తు ఉంది. కొండలకీ చుక్కలకీ వాడతారు దాన్ని. రింగును అక్కడికి తిప్పుతాను.

అక్కడ ఉన్నాను. ఇంత దూరం నుంచి కూడా ఒక్కొక్క వెంట్రుకా వేరుగా తెలుస్తోంది. ఎడమ కనుబొమ్మ మీద చిన్న మచ్చ. చెంపల దగ్గర నెరుపు. నా కళ్లు గోధుమ రంగు. కుడి దానిలో ఒక ఆకుపచ్చ నలుసు కూడా ఉంది. ఎవరూ చూడని నలుసు. నలభై నాలుగేళ్లు దాన్ని ఊరికే మోశాను.

సంతోషం కలగదు. నేను కనిపించే దూరం ఇదే అయినప్పుడు, ఇన్నేళ్లూ ఆ ఇంట్లో నేను అతనికి ఇంత దూరాన ఉండి అన్నం వడ్డించానన్నమాట.

"వరహాలూ, టీ!" అని ఈశ్వర్రావు పిలుస్తాడు. ఆ మాట గది పొడుగునా నడిచి నా దాకా వచ్చేసరికి అలిసిపోయి ఉంటుంది. అతను పిలిచి చాలాసేపయి ఉంటుంది. ఇక్కణ్నుంచి తెస్తే చల్లారిపోతుందని జవాబిస్తాను. చేరిందో లేదో తెలియదు. కెమెరాను గచ్చు మీద పెట్టి, అద్దానికి వీపు తిప్పుతాను.

స్టూడియో వెనక గోడ ఉండాల్సిన చోట సముద్రం ఉంది. మోకాలిలోతు నీళ్లలో మూడు వరుసలుగా బల్లలు వేసి ఉన్నాయి. గ్రూపు ఫొటోకి కూర్చున్నట్టు వాటి మీద ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు, నలభై యాభై మంది. అందరూ స్పష్టంగా ఉన్నారు. జాకెట్ల మీది కుట్లు లెక్కపెట్టవచ్చు. ఎదురుగా నీళ్లలో మూడు కాళ్ల స్టాండు మీద పెద్ద కెమెరా ఉంది. దాని వెనక ఎవరూ లేరు.

ముందు వరుసలో కూర్చున్నామె కాస్త జరుగుతుంది. "రా అప్పా, సోటుంది."

కూర్చుంటాను. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. "ఎంతసేపయింది మీరొచ్చి?"

"కదలొద్దన్నారు. ఇప్పుడే తీసేత్తామన్నారు," అంటుంది, పెదవులు కదపకుండా. ఆమె చీలమండల చుట్టూ నత్తలు పట్టి ఉన్నాయి.

నేనూ వీపు నిటారుగా పెట్టి, గడ్డం ఎత్తి, ఊపిరి బిగబడతాను.

స్టాండు ఒక కాలు నీళ్లలోంచి మెల్లగా పైకెత్తుతుంది. ముడిచి, చప్పుడు కాకుండా ముందుకు వేస్తుంది. తర్వాత రెండోది. తర్వాత మూడోది. మా ముందు నుంచి, మా వైపు చూడకుండా, లోతుకి నడుస్తుంది. ఆగుతుంది. మెడ వంచి లెన్సును నీళ్లలో ముంచుతుంది. పైకి లేచినప్పుడు దాని అంచున ఒక చేప కొట్టుకుంటూ ఉంటుంది.

"అది మనకోసం వొచ్చింది కాదప్పా," అంటుంది పక్కనామె. "సేపల కోసం వొచ్చింది."

అయినా మాలో ఎవరూ లేవరు. అది చేపను మింగి ఇంకో అడుగు వేస్తుంది. దాని గొంతులో రీలు ఒక గడి ముందుకి జరిగిన చప్పుడు నీళ్ల మీదుగా మా దాకా వస్తుంది.