కోలాటం బోర్డు

పెరుగు మీద మీగడ ఎవరు తినేశారని ఆ ఉదయం తండ్రీకూతుళ్లు వాదులాడుకుంటుంటే, తిన్న తల్లి ఝాన్సీలక్ష్మి ఏమీ ఎరగనట్టు పోపు వేస్తోంది.

ఉన్నట్టుండి హర్షితకు ఏడుపొచ్చింది. "మీగడ గురించి కాదు నానా! నిన్న పాతపట్నం నించి ఒకమ్మాయి మన సంఘం కోసం వొచ్చిందంట. 'కోలాటం' అని బోర్డు సూసి, ఇల్లు తప్పేననుకుని బస్సెక్కి ఎల్లిపోయింది. రేత్రి మెసేజ్ పెట్టింది."

ఆరేళ్ల కిందట విజయనగరంలో, తమ కొట్టు మీది గదిలో, హర్షితా ఆమె స్నేహితులూ గే, లెస్బియన్ల సంఘం పెట్టుకున్నారు. వీధివాళ్లకు ఏం చెప్పాలో తోచక తండ్రి వెంకటరావు కోలాటం బోర్డు తగిలించాడు. అందరూ నమ్మేశారు. రామతీర్థం గుడిలో రాములవారి కల్యాణానికి పిలుపు కూడా వచ్చింది! కోలలు పట్టుకోవడమే రానివాళ్లు వేళ్లు వాచేలా నేర్చుకుని ఆడొచ్చారు. అప్పట్నించి పెళ్లిళ్లకీ జాతరలకీ పిలుపులే పిలుపులు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర వెంకటరావు నసిగాడు. "బోర్డు మారిస్తే కొట్టుకి బేరాలు రావే."

ఝాన్సీలక్ష్మి పప్పు గిన్నె దించింది. "ఆ పిల్ల ఎంత దైర్యం సేసి వొచ్చిందో! మన గుమ్మం కాడ నించి తిరిగెల్లిపోయింది. నీ బేరం అంతకన్నా ఎక్కువేటి బావా? రేపు అసలు పేరే రాయిస్తన్నాను. నిచ్చెన నువ్వే పట్టుకోవాల."

వెంకటరావు పప్పన్నం కలుపుకున్నాడు.

"అచ్చరాలు పెద్దవి రాయించు," అన్నాడు. "బస్సులోంచి కనపడాల."