మన్మథరావు మొదటి సినిమా

మన్మథరావుకి సినిమా అంటే పడదు. కనీసం భార్య అడిగినప్పుడు పడదు. నాతవరంలో ఆయనది వరి, జీడిమామిడి సేద్యం. తోటకి ఏ అవసరమూ లేని రోజున కూడా, వెంకటదుర్గ సినిమా మాట ఎత్తగానే ఆయనకి ఎక్కడలేని పనులూ గుర్తుకొస్తాయి.

ఈసారి ఆవిడ వదలదలుచుకోలేదు. పోయిన చలికాలం తాండవ డ్యాం దగ్గర షూటింగ్ చేసిన సినిమా నర్సీపట్నంలో ఆడుతోంది. పక్కింటి సాయిలక్ష్మి మొదటిరోజే చూసొచ్చి, "నువ్వు తప్పకుండా సూడాలొదినా, డ్యాం ఎంత బాగా పడిందో!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. డ్యాం బాగా పడితే నవ్వెందుకో వెంకటదుర్గకి అర్థం కాలేదు.

"రోజూ సూస్తన్న డ్యాంకి టికెట్టెందుకే?" అన్నాడు మన్మథరావు.

"రోజూ మిమ్మల్నీ సూస్తన్నాను. అలాగని మనం ఫొటో తీయించుకోలేదేటి?"

"బండిలో పెట్రోలు లేదు."

"ఆటోలున్నాయి."

"తల పగిలిపోతంది."

ఆవిడ మాత్ర తెచ్చి, ఆయన మింగేదాకా ఎదురుగా నిలబడింది. తలనొప్పి తగ్గక తప్పలేదు. పెట్రోలూ దొరికింది.

మిట్టమధ్యాహ్నం ఎండలో మన్మథరావు మెడకి మఫ్లరు చుట్టి, ముక్కు మీదికి మాస్కు లాక్కుని బండి తీశాడు.

"ఏటండీ, కరోనా మీ ఒక్కరికోసమే మళ్ళీ వచ్చిందేటి?"

"దుమ్ము," అన్నాడాయన మాస్కులోంచి.

హాల్లో కూడా దుమ్మే కాబోలు, మాస్కు తీయలేదు. గోడవారగా కూర్చున్నాడు. ఇంటర్వెల్‌లో లైట్లు వెలగగానే చెప్పు కోసం సీటు కిందికి వంగిపోయాడు. రెండు చెప్పులూ కాళ్ళకే ఉన్నాయి.

"బేగి ఎల్లిపోదాం పద. రెండో సగంలో ఏటీ ఉండదు," అన్నాడు కిందినుంచే.

"మీకెవరు సెప్పారు?"

వెంకటదుర్గ సమోసా తింటూ కదలకుండా కూర్చుంది.

రెండో సగంలో డ్యాం గట్టు మీద జాతర పాట వచ్చింది. హీరోయిన్ వెనక జనం కోలాటం ఆడుతున్నారు. రెండో వరసలో ఊదారంగు చొక్కా మనిషొకడు తలకి రుమాలు కట్టి, హీరోయిన్‌కే సిగ్గేసేలా నడుం తిప్పుతున్నాడు.

"మన్మథరావు మావా! కేక!" అని వెనక సీట్లలోంచి నాతవరం కుర్రాళ్ళు ఈలలేశారు.

వెంకటదుర్గ మొగుడి మొహంకంటే ముందు చొక్కాని గుర్తుపట్టింది. తమ్ముడు గోవింద్ ఏటికొప్పాకలో ఇల్లు కట్టుకుంటే, పోయిన చలికాలం గృహప్రవేశానికని మొగుడికి తానే కొన్న చొక్కా అది. ఆ రోజు ఈయన నడుం పట్టేసిందని మంచం మీద అటునుంచి ఇటు తిరగలేకపోయాడు. బామ్ రాసి, మంచినీళ్ళు అందేలా పెట్టి, పెట్టుబడి చీరల సంచి ఒళ్ళో పెట్టుకుని ఆవిడ ఒక్కతే ఆటోలు మారుతూ వెళ్ళింది. అడిగినవాళ్ళందరికీ "పాపం, లేవలేకపోతన్నారు" అని చెప్పింది. ఒకరిద్దరి ముందు కళ్ళు కూడా తుడుచుకుంది.

"నడుం ఎలాగుందండీ?" అంది చీకట్లో, ఎంతో మర్యాదగా.

మన్మథరావు మాస్కు దించాడు. "జనం కావాలన్నారే. భోజనం కూడా పెట్టారు."

"మా తమ్ముడింట్లో పస్తులుంచుతారేటి?"

మళ్ళీ ఆయనే మెల్లగా అడిగాడు. "తెరమీద రెండుసార్లు పడ్డాను. సూసావా?"

చూసింది. నిజానికి బాగానే ఆడాడు, అదే ఆవిడకి మండింది. పెళ్ళి ఊరేగింపులో పక్కన బిగుసుకుపోయి కూర్చున్న మనిషి, ఇంట్లో నవ్వడానికి కూడా లెక్కచూసుకునే మనిషి, ఇంత సరదా ఎక్కడ దాచాడు? దాచినవాడు తన ముందు కాకుండా ఎవరో కెమెరావాడి ముందు పారబోస్తాడా? అబద్ధంకంటే ఆ సంగతే ఎక్కువ గుచ్చుకుంది.

బయటికి రాగానే కుర్రాళ్ళు సెల్ఫీలకి చుట్టుముట్టారు. మన్మథరావు మఫ్లరు విప్పి జుట్టు సర్దుకున్నాడు. ఇప్పుడు ఆయనకి ఏ తొందరా లేదు. వెంకటదుర్గ తమ్ముడికి ఫోన్ చేసింది.

"గోవిందూ, ఆదివారం మీ బావా నేనూ వస్తన్నాం. బావ నీకేదో సెప్తారంట." ఫోన్ మొగుడి చెవికి ఆనించింది.

ఆయన ఆవిడ మొహంకేసి చూశాడు. అక్కడ జాలి కనబడలేదు.

"గోవిందూ... ఆ రోజు నడుం నొప్పి కాదు. సినిమాలో డాన్సాడాను."

గోవింద్ నవ్వు బండి స్టాండు దాకా వినబడింది. "అయితే మా కొత్త హాల్లో ఆడాల్సిందే బావా! లేపోతే అన్నం పెట్టం."

ఆదివారం భోజనాలయ్యేదాకా కూడా ఆగలేదు. టీవీలో పాట పెట్టీ పెట్టకముందే మన్మథరావు పంచె ఎగ్గట్టాడు. గోవింద్ భార్య, పిల్లలు, ఇరుగుపొరుగు అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వూ రావే అని ఆయన చెయ్యి చాపితే, వెంకటదుర్గ మొహం తిప్పుకుంది. ఆ పూటకి ఆయన్ని క్షమించే ఉద్దేశం ఆవిడకి లేదు. వీడియో మాత్రం మొదటినుంచి చివరిదాకా తీసింది, చేయి కదలకుండా.